దేవమ్మ పాటలకు వైరస్ పట్టిన సంగతి

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
12 జులై 2000

చెల్లెలు రజితకి,

అక్క లోవలక్ష్మి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అనకాపల్లిలో ఇల్లు కుదిరిందని, హరికిషన్ మరిదిగారికి బ్యాంకు దగ్గరేనని నీ కార్డు చూసి సంతోషించాం. అక్కడివాళ్ల మాట కరుగ్గా ఉందని రాశావు. మా తుని వైపు కూడా అదే మాట. "ఏటమ్మా" అంటే తిట్టినట్టు కాదు, పలకరించినట్టు. మా అత్తగారు ఇన్నేళ్లుగా ఇక్కడ ఉండి కూడా కూరగాయల బండివాడిని "ఏటి బాబూ" అనే పిలుస్తుంది. వాడు ఇప్పటికీ ఉలిక్కిపడతాడు.

నీ కంప్యూటర్ క్షేమం. లారీ కుదుపులకి పాడవుతుందని, పక్కింటి అక్కనని నమ్మి మా ముందుగదిలో దింపి వెళ్లావు. దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటున్నాను. దుప్పటి కప్పే ఉంచుతున్నాను. మీ అత్తగారు దేవమ్మ పిన్ని బతుకమ్మ పాటలున్న ఆ పసుపుపచ్చ ఫోల్డర్ జోలికి ఎవరూ వెళ్లలేదు. దసరాకి మీరు వచ్చినప్పుడు ఎలా ఇచ్చావో అలాగే అప్పగిస్తాను.

ఊరికే అడుగుతున్నాను, విండోస్ సీడీ ఒకటి ఉంటుందన్నావు, అది ఎక్కడ పెట్టావు? తెలుగు అక్షరాలు ఎక్కించే సీడీ వేరేనా? ఇదీ ఊరికే. కంప్యూటర్ తనంతట తానే ఆగిపోయి, తనంతట తానే మొదలవడం మామూలేనా? మనదాని సంగతి కాదు, పక్కవీధిలో ఎవరిదో. ఊరికే తెలుసుకుందామని.

మీ బావ నమస్కారాలు చెప్పమన్నారు. కంప్యూటర్ గురించి తనని మాత్రం ఏమీ అడగొద్దని కూడా చెప్పమన్నారు.

ఇట్లు,
లోవలక్ష్మి


అనకాపల్లి
20 జులై

లోవక్కకు నమస్తే.

ఒక్క కాగితంలో మూడుసార్లు "ఊరికే" అని రాశావు. ఊరికే అడిగేవాళ్లు ఒక్కసారే అంటారు అక్కా. విండోస్ సీడీ కీబోర్డు కింది సొరుగులో ఉంది. తెలుగు సీడీ నా దగ్గరే ఉంది. అది నీకెందుకు? పక్కవీధి కంప్యూటర్‌కు ఏమైతే మనకేంది? నువ్వు మాత్రం దుప్పటి తీయకు.

మా అత్తమ్మ సంగతి బాగాలేదు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి మరుపు ఎక్కువైంది. మొన్న నా మొహం చూసి, "ఎవరి బిడ్డవమ్మా, మంచిగ అన్నం పెట్టినవ్" అన్నది. హరి లేచి బయటికి పోయాడు. డాక్టరు వయసుతో వచ్చే మరుపు అన్నాడు, అంతకంటే ఏమీ చెప్పలేదు. ఊళ్లో బతుకమ్మ ఆడేటప్పుడు అందరికీ పాట అందించిన మనిషి ఆమె. ఇప్పుడు మొదటి మాట ఎత్తుకుంటుంది, రెండోదానికి ఆగిపోయి నా దిక్కు చూస్తుంది. ఆ చూపు నాకు భరించరాకుండా ఉంది.

సికింద్రాబాద్‌లో ఉన్నప్పుడు ఆమె చిక్కుడుకాయలు గిల్లుకుంటూ పాడుతుంటే నేను పక్కన కూర్చొని కంప్యూటర్‌లో కొట్టిన పాటలే ఇప్పుడు మిగిలినవి. కాగితం మీద ఒక్కటి లేదు. ఫ్లాపీల్లోకి తీసుకుందామంటే హరి, "కంప్యూటర్ మర్చిపోతదా ఏంది" అన్నాడు. అంతలో లారీ వచ్చింది. దసరాకి వచ్చి అన్నీ అచ్చు తీసి ఆమె ముందు చదివితే మళ్లీ నోటికొస్తాయేమోనని నా ఆశ. నాకున్నది ఆ ఒక్క ఆశే. అందుకే చెబుతున్నాను, జెర పైలం.

నీ చెల్లెలు,
రజిత


సీతాఫల్‌మండి
2 ఆగస్టు

రజితా,

నీ దగ్గర దాచేదేముంది. ఆ పక్కవీధి కంప్యూటర్ మనదే. కంగారుపడకు. పెద్ద జబ్బు కాదు, పడిశం లాంటిది.

మొదట తెర మీద కిటికీలు వాటంతటవే తెరుచుకుని మూసుకున్నాయి. మీ బావ, "లాలాగూడ వర్క్‌షాపులో రైలు పెట్టెలు విప్పి బిగించిన చెయ్యి ఇది. ఈ డబ్బా ఏపాటిదే" అని మూత తీసి సైకిల్ పంపుతో గాలి కొట్టారు. లోపలి దుమ్మంతా బయటికొచ్చింది. జబ్బు మాత్రం లోపలే ఉండిపోయింది. ఆ తర్వాత మా అత్తగారు, "ఒలమ్మ, ఇది దిష్టే కోడలా! ఈదిలో అందరి కల్లూ దీని మీదే" అని ఉప్పు, ఆవాలు తిప్పేసింది. తిప్పినవి పారేయాలి కదా, చేతిలోంచి సగం కీబోర్డులోకి జారిపోయాయి. ఇప్పుడు ఏ మీట నొక్కినా కరకరమంటోంది.

చివరికి మెట్టుగూడలో కంప్యూటర్లు బాగుచేసే బ్రహ్మచారి అనే కుర్రాణ్ని పిలిచాం. చూసి పెదవి విరిచాడు.

"అక్కా, గిది వైరస్. లోపల ఒక్కో ఫైలు నములుకుంట పోతున్నది. మస్తు పరేషాన్ చేసే రకం."

"అంటుకుంటాదా బాబూ?" అని మా అత్తగారు అడిగింది.

"మనుషులకు అంటదమ్మా. ఫ్లాపీలకంటుతది, ఆడికెళ్లి ఇంకో కంప్యూటర్‌కు."

అయినా ఆవిడ ఆ సాయంత్రమే మంచం వెనకగదిలోకి మార్పించుకుంది.

పాటలకి ఏమీ కాలేదు. పసుపుపచ్చ ఫోల్డర్‌లో వరసగా ఉన్నాయి, నా కళ్లతో చూశాను. చూసింది పోయిన వారం. బ్రహ్మచారి డబ్బా దుకాణానికి తీసుకెళ్లాడు. శుభ్రం చేసి ఇస్తానన్నాడు. మంచివాడే, నన్ను అక్కా అంటాడు.

లోవలక్ష్మి


అనకాపల్లి
8 ఆగస్టు

లోవక్కా,

పోయిన వారం చూసిన సంగతి నాకొద్దు, ఇవాళ్టి సంగతి రాయి. పాటలు ఉన్నాయా, లేవా? వాటిని ఫ్లాపీల్లోకి తీసేదాకా దేన్నీ ముట్టొద్దని ఆ బ్రహ్మచారికి చెప్పు. ఈ కార్డు అందగానే చెప్పు. చెప్పులు కూడా వేసుకోకుండా పో.

రజిత


సీతాఫల్‌మండి
14 ఆగస్టు

రజితా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చించేయడం ఇది ఎన్నోసారో. నీ కార్డు అందగానే నిజంగానే చెప్పులు లేకుండా ఆటో ఎక్కాను. బ్రహ్మచారి నన్ను చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అయిపాయె అక్కా! ఎంత కడిగినా పోతలేదు. ఫార్మాట్ కొట్టిన. ఇగ తక్లీఫ్ లేదు, కొత్త పెళ్లికూతురు లెక్క ఉన్నది."

"లోపల పాటలుండాలి బాబూ" అన్నాను.

"ఫార్మాట్ అంటే అన్నీ పోతయ్ గదక్కా. ముంగట చెప్పొద్దా?"

పాటలు లేవు రజితా. ఒక్కటీ లేదు. పసుపుపచ్చ ఫోల్డరే లేదు. తెరంతా నీలంగా, ఖాళీగా ఉంది. బ్రహ్మచారికి సంగతి తెలిశాక వాడి మొహం కూడా పాలిపోయింది. పాపం టీ తెప్పించాడు, ఇద్దరమూ తాగలేదు.

ఇంకొకటి కూడా చెప్పి తీరాలి, ఎలాగూ నీకు తెలుస్తుంది. దుప్పటి కప్పే ఉంచానన్నది అబద్ధం. మన గల్లీలో ఇప్పుడు ఎవరిని చూసినా ఏదో ఒక కంప్యూటర్ కోర్సు, ఎవరింట్లో చూసినా ఉద్యోగానికి బయోడేటా. పై వాటా లచ్చమ్మ కొడుకు బయోడేటా టైపు చేసి ఇచ్చాను. నువ్వు నేర్పిన విద్యే కదా, మర్చిపోకుండా ఉంటుందని. అక్కడి నుంచి ఒకరిని చూసి ఒకరు వచ్చారు. మేబెల్ టీచర్ పరీక్ష పేపర్లు తెచ్చింది. రిటైరైన రైల్వే గార్డు రిచర్డ్ గారు కూడా ఫ్లాపీ పట్టుకొచ్చారు. అందులో ఎవరిదో రోగిష్టి ఫ్లాపీ. అది నీ కంప్యూటర్‌కి అంటించింది, ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫ్లాపీకీ నేను అంటించి పంపాను. ఇప్పుడు గల్లీలో ఎవరి కంప్యూటరూ లేవడం లేదు. "అందరి ఫ్లాపీలు మీ ఇంటికెళ్లే పోయినయ్ అక్కా" అని బ్రహ్మచారి నలుగురిలో అనేశాడు. మేబెల్ టీచర్ నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది. లచ్చమ్మ మేడ మీద నిలబడి, "నా కొడుకు నౌకరీ బుగ్గిపాలు జేసింది" అని రోజూ ఒకసారి వినిపిస్తోంది.

వాళ్లు ఏమన్నా పడతాను. దేవమ్మ పిన్ని పాటలు పోయాయని నీకు ఎలా రాయను? రాసేశాను. నన్ను తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

లోవలక్ష్మి


అనకాపల్లి
21 ఆగస్టు

గౌరవనీయులైన శ్రీమతి లోవలక్ష్మి గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు మాకు చేసిన ఉపకారానికి కృతజ్ఞతలు. కంప్యూటర్‌ను మీరే ఉంచుకోవచ్చు, మాకు దానితో ఇక పని లేదు. గల్లీ మొత్తానికి బయోడేటాలు కొట్టండి. మా అత్తమ్మ నిన్న సాయంత్రం నాలుగు పూలు ముందు పెట్టుకొని ఒక పాట మొదలుపెట్టి, ఆగిపోయి, "తర్వాత ఏమొస్తది బిడ్డా" అని నన్ను అడిగింది. ఈ సంగతి మీకు తెలియాలనే రాస్తున్నాను. మీ మీద నాకు

లోవక్కా, ఇక్కడిదాకా రాసేసరికి తలుపు చప్పుడైంది. పక్కింటావిడ. పోయిన ఆదివారం నేను సకినాలు పెట్టి పంపిన గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. గిన్నెలో ఇంత బెల్లం ముక్క. ఎందుకమ్మా అంటే, "కాళీ గిన్నె ఎలా ఇచ్చేత్తామమ్మా, మా వైపు ఇవ్వం" అన్నది.

బెల్లం చేతిలో ఉండగానే నువ్వు గుర్తొచ్చావు అక్కా. నువ్వూ అంతే కదా! మన గోడ పక్కపక్కన ఉన్న అన్నేళ్లలో నా గిన్నె ఒక్కనాడు ఖాళీగా రాలేదు. జంతికలో, అరిసెలో, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార. గిన్నెనే ఖాళీగా పంపనిదానివి, వాళ్ల ఫ్లాపీలు ఖాళీగా పంపావా? నిజం చెప్పు. వాటిలో ఏం పెట్టి పంపావు?

తెలుగు అక్షరాల సీడీ ఈ ఉత్తరంతో పాటే పార్సిల్ చేస్తున్నాను. పైన రాసిన సగం చదవకు. చించేద్దామంటే ఇంట్లో వేరే కాగితం లేదు.

రజిత


సీతాఫల్‌మండి
9 సెప్టెంబరు

నా బంగారు రజితా,

పాటలే పెట్టి పంపాను! ఇంకేం పెట్టను చెప్పు, కంప్యూటర్‌లో జంతికలు ఉండవు కదా. వచ్చిన ప్రతి ఫ్లాపీలో వాళ్ల పని వాళ్లకి చేసి, పక్కన దేవమ్మ పిన్ని పాట ఒకటి వేసి ఇచ్చేదాన్ని. ఒకరికి వేసింది మళ్లీ ఇంకొకరికి వేసేదాన్ని కాదు, అందరిళ్లకీ ఒకే పిండివంట పంపితే ఏం బాగుంటుంది? జోలికి ఎవరూ వెళ్లలేదని నీకు రాశాను కాబట్టి ఆ సంగతి మింగేశాను. ఇంత అయ్యాక కూడా అది బుర్రకి తట్టలేదు చూడు. నన్ను ఏం చేసినా పాపం లేదు.

నీ ఉత్తరం చదివి ఆ కాగితంతోనే గల్లీలోకి పరుగెత్తాను. మొదట మేబెల్ టీచర్ ఇల్లు. తలుపు సగమే తెరిచింది. సంగతి చెప్పగానే, "అది మీ పాటా? ఎవరు వేశారో తెలియక, బాగుందని మా స్కూల్లో తెలుగున్న కంప్యూటర్ మీద అచ్చు తీసి ఆరో తరగతి పిల్లలకి డిక్టేషన్ చెప్పాను. గునుగు పువ్వంటే ఏమిటని అడిగితే నాకే తెలియలేదు" అని ఫ్లాపీ తెచ్చి చేతిలో పెట్టింది. లచ్చమ్మ ఇంట్లో ఫ్లాపీ టీ గ్లాసు కింద ఉంది. "గీ దిక్కుమాలిన దాంట్ల దేవమ్మ పాట ఉన్నదా? ముందే చెప్పొద్దా! మాదొక్కటే ఊరు, దేవమ్మ నా పెండ్లిల పాడింది" అని చీరకొంగుతో తుడిచి ఇచ్చింది. మళ్లీ పిలిచి కూర్చోబెట్టి, బయోడేటా ఇంకోసారి కొట్టి ఇస్తానని నాతో మాట కూడా తీసుకుంది. అలా గల్లీ ఈ చివర నుంచి ఆ చివరదాకా తిరిగాను. మీ బావ వెనకాలే సంచీ పట్టుకుని వచ్చారు, చందాలకి వచ్చినవాళ్లలా ఉన్నాం.

బ్రహ్మచారి ఈసారి ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో ఫ్లాపీని ముందు వైరస్ మందు సీడీతో కడిగి, అప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. మొదటి పాట తెరిస్తే తెర మీద తెలుగు అక్షరాల బదులు గుర్రపు నాడాలు, శంఖాలు, కొక్కేలు! మా అత్తగారు గుండెలు బాదుకుంది. "ఆగమ్మా, తెలుగు సీడీ ఎయ్యనీ" అని నువ్వు పంపింది వేశాడు. వేసి మళ్లీ తెరిచాడు. "ఉయ్యాలో" అన్న మాట తెర మీద కనిపించేసరికి నేను ఏడ్చేశాను. బ్రహ్మచారి కూడా ముక్కు చీదుకున్నాడు, పడిశం అన్నాడు.

అన్నీ వచ్చాయి రజితా, ఒక్కటి తప్ప. సద్దుల బతుకమ్మనాడు అమ్మవారిని సాగనంపే పాట రిచర్డ్ గారి ఫ్లాపీలో వేశాను. ఆయన పోతుందేమోనని దాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం బొమ్మతో బిగించి భద్రంగా పెట్టారు. అయస్కాంతం తగిలితే ఫ్లాపీ తుడుచుకుపోతుందట. బ్రహ్మచారి ఎంత గింజుకున్నా రాలేదు. రిచర్డ్ గారు రెండు రోజులు అన్నం తినలేదని వాళ్లావిడ చెప్పింది.

ఆ పాట మా అత్తగారికి కొంత వచ్చు. పోయినేడు మేడ మీద పిన్ని పాడుతుంటే వెనకాల గొంతు కలిపేది కదా. ఆవిడ పాడింది పాడినట్టు కింద రాస్తున్నాను. ఎంత సరైనదో నాకు తెలియదు.

గడప దాటిన బిడ్డ ఉయ్యాలో
సంద్రమొడ్డుకు పోయె ఉయ్యాలో
మొగలిపువ్వును అడిగె ఉయ్యాలో
అమ్మ ఏదని అడిగె ఉయ్యాలో

ఆ తర్వాత రావడం లేదంటోంది. మిగతా పాటలన్నీ అచ్చు తీయించి దీనితో పంపుతున్నాను. ఈ ఒక్కదానికీ నన్ను క్షమించు.

నీ అక్క,
లోవలక్ష్మి


అనకాపల్లి
17 సెప్టెంబరు

లోవక్కా, నా మంచి అక్కా,

పార్సిల్ అందింది. ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకొని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. హరి ఆఫీసు నుంచి వచ్చి ఒక్కొక్కటి ముట్టుకొని చూశాడు. కంప్యూటర్ మర్చిపోదు అన్న మనిషే వెళ్లి నాకు కాఫీ పెట్టి ఇచ్చాడు.

ఆ సాయంత్రమే అత్తమ్మ ముందు కూర్చొని పాటలు చదవడం మొదలుపెట్టాను. విన్నది. తలూపింది. "మంచిగున్నయ్, ఎవరివి?" అన్నది. ఒక్క మాట కూడా అందుకోలేదు అక్కా. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నేను నమ్ముకున్న ఆశ అబద్ధమైపోయింది. పాటలు కాగితం మీదికి వచ్చాయి కానీ ఆమె నోటికి రాలేదు. నీకు ఈ సంగతి రాయకూడదనుకున్నాను.

నిన్న చివరి కాగితం మిగిలింది, మీ అత్తగారు అప్పలకొండమ్మ పెద్దమ్మ పాడింది. అదీ ఒకసారి అయిపోనీ అని పాడాను. "సంద్రమొడ్డుకు పోయె" అనగానే అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏందీ? సంద్రమా? మా ఊళ్లె సంద్రం యాడుందే?"

నేను కాగితం కింద పెట్టబోయాను. "తర్వాత ఏమున్నది, చదువు" అన్నది. మొగలిపువ్వు అని చదివాను. ఇగ చూడు అక్కా! గోడ పట్టుకొని లేచి నిలబడింది.

"మొగలిపువ్వంట! బతుకమ్మల మొగలిపువ్వు పేరుస్తరానే ఎవరన్న? ఎవతె పాడింది గిట్ల? పాటను ఖరాబు జేసింది! గట్టు, చెరువు గట్టు! తంగేడు పువ్వు!"

అని అక్కడే చప్పట్లు కొడుతూ, నడుం వంచి తిరుగుతూ, మొదటి నుంచి ఎత్తుకున్నది. ఎక్కడా ఆగలేదు. నా మొహం చూడలేదు. బిడ్డ గట్టు మీద తల్లిని వెతుక్కోవడం, తంగేడు పువ్వు జవాబు చెప్పడం, నీళ్లలోకి సాగనంపడం, మళ్లీ ఏడాదికి రమ్మనడం, అన్నీ పాడింది. నేను రాసుకుంటుంటే ఏడుపుకి అక్షరాలు అలుక్కుపోయాయి. పాట అయ్యాక ఆయాసపడుతూ కూర్చొని, "రాసుకున్నవా రజితా? మంచిగ రాసుకో, నేను మల్ల మరుస్త" అన్నది. పేరు పెట్టి పిలిచింది అక్కా. తాను మర్చిపోతుందన్న సంగతి ఆమెకు తెలుసు. నాకు ఇన్నాళ్లూ అది తెలియదు.

పూర్తి పాట వెనక రాశాను. బ్రహ్మచారితో కంప్యూటర్‌లో కొట్టించు, మేబెల్ టీచర్‌కు, రిచర్డ్ గారికి అందరికీ ఇవ్వు. ఆయనను అన్నం తినమని చెప్పు.

అత్తమ్మ అప్పటి నుంచి ఒకటే పట్టు. సికింద్రాబాద్ పోదాం పదండి, ఆ పాడినామెకు పాట నేర్పాలె అని చేసంచీ సర్దుకొని గడప దగ్గర కూర్చుంది. హరి వచ్చే ఆదివారానికి టికెట్లు తెచ్చాడు. పండుగ దాకా మీ ఇంట్లోనే ఉంటాం, చోటు చేయి. పొద్దుటి నుంచి ఎన్నిసార్లో, "ఎక్కడికి పోతున్నం బిడ్డా?" అని నన్ను అడిగింది. అడిగినప్పుడల్లా నేను ఆ సంద్రం ముక్క పాడుతున్నాను. వెంటనే కోపమొచ్చి, లేచి నిలబడి, పాట మొత్తం మళ్లీ పాడుతున్నది.

అందుకని ఒక్క మాట అక్కా. మేం వచ్చేలోగా ఎవరు ఎంత సరిదిద్దినా అప్పలకొండమ్మ పెద్దమ్మను ఆ పాట సరిగ్గా నేర్చుకోవద్దని చెప్పు. ఆ తర్వాత కూడా నేర్చుకోవద్దని చెప్పు.

నీ చెల్లెలు,
రజిత